అమావాస్యకు పడవ

కోదాడలో ధాన్యం వ్యాపారం చేసే శంకర్ ఇంట్లో ఏ పనైనా చివరికి పుష్పావతి మీదే పడుతుంది. ఆమె శంకర్‌కు వదిన. పుట్టిల్లు మిర్యాలగూడ. భర్త పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. విధవ వదినను ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నారని ఊళ్ళో ఆ ఇంటికి మంచి పేరు. ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో తెలియాలంటే పొద్దున ఐదింటికి వాళ్ళ వంటింట్లోకి తొంగిచూస్తే చాలు.

శంకర్ పిల్లలు సముద్రంలో పగడాలు చూస్తామని మారాం చేస్తే అండమాన్ పోదామన్నాడు శంకర్. అన్నాడు, అంతే. మిగిలిందంతా పుష్పావతి చేసింది. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక ఫోన్ ముందేసుకుని కూర్చునేది. శంషాబాద్‌లో ఎక్కి చెన్నైలో విమానం మారాలని, అండమాన్‌లో అడుగున అద్దం బిగించిన పడవలుంటాయని, ఆ అద్దంలోంచి పగడాల దిబ్బలు కనిపిస్తాయని తెలుసుకుంది. పగడం రాయి కాదని, ప్రాణమున్నదని కూడా అప్పుడే తెలిసింది. పందొమ్మిదేళ్ళు తాళితో పాటు రెండు పగడాలు మెడలో వేసుకున్న మనిషి. భర్త పోయిన పదకొండో రోజున అవి తీసేశారు. బతికున్న పగడాన్ని ఒక్కసారి చూడాలనిపించింది ఆమెకు. ఈ ఆరేళ్ళలో తనకోసం కోరుకున్నది ఇదొక్కటే.

పడవ నడిపేది ప్రభుదాస్. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ కుటుంబం. అతనితో పుష్పావతి ఫోన్‌లో ఇరవైసార్లైనా మాట్లాడి ఉంటుంది.

"అమావాస్యకి రండమ్మా," అన్నాడతను. "ఆ రోజుల్లో నీరు బాగా వెనక్కి లాగుతాది. పగడం దగ్గరికొచ్చినట్టు కనపడతాది. పున్నమికైనా సరే. మధ్యలో వస్తే లోతెక్కువ, పచ్చనీళ్ళు తప్ప ఏటీ కనపడదు."

పౌర్ణమికి పిల్లల పరీక్షలు. వాళ్ళ వారం రోజుల సెలవుల్లో అమావాస్య చక్కగా కుదిరింది. ఆ సంతోషం పట్టలేక పుష్పావతి రాత్రి అన్నాల దగ్గర చెప్పేసింది.

కంచాల్లో చేతులు ఆగిపోయాయి. అమావాస్య నాడు కొత్త సరుకు కాటా మీద పెట్టని ఇల్లు అది, ప్రయాణమన్న మాటే ఎత్తరు. పుష్పావతికి తెలియనిది కాదు. పడవ ధ్యాసలో పడి, తన నోట ఏ మాట రాకూడదో మరిచిపోయింది.

"మొగుణ్ణి మింగింది చాల్లేదా?" అంది అత్తగారు. "ఇగ నా కొడుకును, మనవలను అమావాస్య పూట సముద్రంల కలుపుతవా?"

"అట్ల కాదత్తమ్మా, ఆ రోజు నీళ్ళు తగ్గుతయంట."

"నీళ్ళు నీకు చెప్పినయా?"

శంకర్ కూరలో ఉప్పు తక్కువైందన్నాడు.

మర్నాడు పంచాంగం చూపించుకొచ్చి దశమి ఖాయం చేశారు. పుష్పావతి అన్నీ మళ్ళీ మార్చింది. దశమికి పగడాలు కనపడవని ప్రభుదాస్ అన్న మాట చెప్పబోతే, "నువ్వు ఇగ ఊకో వదినా," అన్నాడు శంకర్. ఆమె ఊరుకుంది. తన పేరు టికెట్ల మీద ఉంది కదా, అది చాలనుకుంది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం శంకర్ భార్య శిల్ప వచ్చి మెత్తగా చెప్పింది. "అక్కా, నువ్వు పొద్దున్నే బస్సుల సూర్యాపేట పోయి బైపాస్ మీద ఉండు. గాడ కారుల ఎక్కించుకుంటం. బయల్దేరేటప్పుడు నువ్వు ఎదురైతే అత్తమ్మ ఊకోదు."

పుష్పావతి సరేనంది. అవమానంగా అనిపించింది, అయినా సరేనంది. మొదటి బస్సు ఎక్కి, బైపాస్ మీద బ్యాగు పట్టుకుని రెండున్నర గంటలు నిలబడింది.

కారు వచ్చి ఆగింది. శంకర్ ముందు అద్దం మాత్రం దించాడు.

"టికెట్ల కాగితాలు ఇయ్యి వదినా."

ఇచ్చింది. వెనక తలుపు తీయబోయింది. లోపల లాక్ వేసి ఉంది.

"అమ్మ కారెక్కి మళ్ళీ దిగింది," అన్నాడు. "బీపీ పెరిగిందంట, రానంటది. ఇంట్ల ఒక్కతే ఉన్నది. నువ్వు పోయి సూసుకో."

శిల్ప ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. పుష్పావతి నోరు తెరిచింది. ఎంతో అడగాలనుకుంది.

"ప్రభుదాస్ నంబరు రెండో కాగితం మీద ఉంది," అంది.

అద్దం పైకి పోయింది. ఆమె రోడ్డు దాటి, కోదాడ బస్సు ఎక్కింది. దారి పొడుగునా ఏడ్చింది. ఇంటికి చేరేసరికి అత్తగారు అరుగు మీద పక్కింటామెతో నవ్వుతూ కబుర్లు చెబుతోంది. కోడల్ని చూసి, ఆకలేస్తోంది, అన్నం వండమంది.

మూడో రోజు పొద్దున పడవలోంచి శిల్ప ఫోన్. అత్తగారికి వినపడాలని పుష్పావతి స్పీకర్ పెట్టింది.

"పచ్చనీళ్ళు తప్ప ఏం లేదక్కా. పిల్లలు ఏడుస్తున్నరు. రెండు నెలలు కూసోని ఏం చూసినవ్ నువ్వు?"

నిజం చెప్పాలంటే ఆ క్షణాన పుష్పావతికి లోపల హాయిగా అనిపించింది. వాళ్ళకూ దక్కలేదని. దానికి ఆమెను తప్పుపట్టే మొహం ఎవరికుంది?

ఆ హాయి నిమిషం కూడా నిలవలేదు. అత్తగారు ఫోన్ దగ్గరికి జరిగి, కొడుక్కి వినపడేలా గొంతు పెంచింది.

"దీన్ని కార్ల కాలు పెట్టనియ్యకపోతిమి గాని, టికెట్లల్ల చెయ్యి ముందే పెట్టింది గద బిడ్డా. ఇగ మంచెట్ల జరుగుతది?"

"అవునమ్మా," అన్నాడు శంకర్.