రువైస్ తీరంలో నా రంగుతో ఒక పూట

ఈ ప్రయాణం నేను ఒక ఫోటో కోసం చేశాను. ఖతర్‌లో అల్ ఖోర్ అనే ఊళ్ళో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అమ్మది అమలాపురం. నాన్న టాంజానియా నుంచి విశాఖకు చదువుకోవడానికి వచ్చి, అమ్మను పెళ్ళి చేసుకుని కాకినాడలో ఉండిపోయారు. నాకు నాన్న రంగు, నాన్న జుట్టు, అమ్మ భాష వచ్చాయి. మా తెలుగు ప్రార్థన సహవాసం ఏటా క్యాలెండర్ వేస్తుంది. ఈసారి దానికోసం తీసిన గ్రూప్ ఫోటో వాట్సాప్‌లో పెట్టారు. మూడో వరుసలో నా చీర కట్టుకుని ఎవరో గోధుమరంగు అమ్మాయి నిలబడి ఉంది. ఆ ఏర్పాట్లు చూసే సుధక్కకు ఫోన్ చేశాను.

"ఎండకి మరీ నల్లగా పడిపోయావమ్మా. కాస్త సరిచేశానంతే. గోడకి పెట్టుకునే క్యాలెండర్ కదా!" అందావిడ.

"ఎండకి కాదక్కా. నేను అలానే ఉంటాను."

"అయితే ఇంకేదైనా మంచి ఫోటో ఉంటే పంపు, ఆ మొహం ఇందులో అతికిస్తాం. శనివారం ప్రెస్‌కి ఇచ్చేస్తున్నాం."

ఫోన్‌లో వెతికాను. ఖతర్ వచ్చి నాలుగేళ్ళయింది. ప్రతి ఫోటోలోనూ ఎవరో ఒకరి భుజం వెనక సగం మొహంతో ఉన్నాను. నన్ను ఎవరూ అక్కడికి నెట్టలేదు. నేనే వెళ్ళి నిలబడ్డాను. అది చూశాక సుధక్క మీదకంటే నా మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ శుక్రవారం, ఇక్కడి సెలవు రోజున, ఆరాధన మానేసి, ఉత్తరాన ఉన్న రువైస్ తీరానికి బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు కారు వచ్చింది. రానూ పోనూ, అక్కడ ఆగడంతో కలిపి నూట ఎనభై రియాళ్ళకు మాట్లాడుకున్నాను. డ్రైవర్ రెడ్డెప్పది రాయచోటి. నన్ను చూడగానే, "మేడమ్, షమాల్ గో?" అని, ఉత్తరానికేనా అన్నట్టు అడిగాడు.

"అవునండీ, ముందు రువైస్ ఓడరేవు దాకా పోనివ్వండి" అన్నాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు. "తెలుగు యాడ నేర్చినావక్కా?"

"కాకినాడలో. పుట్టినప్పట్నుంచీ."

"ఏమనుకోవద్దక్కా, ఆఫ్రికా అనుకొంటి."

"అదీ నిజమే. మా నాన్నది ఆఫ్రికానే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలా?"

అతను నవ్వేశాడు. గ్యాస్ కర్మాగారాలుండే రాస్ లఫాన్ మలుపు దగ్గర డ్యూటీకి వెళ్ళే బస్సులు వరుసగా పక్కకు తిరిగాయి. ఆ తర్వాత రోడ్డు ఖాళీ. మదీనత్ అల్ షమాల్ ఊరు దాటి రువైస్ చేరడానికి గంట కూడా పట్టలేదు. ఓడరేవుకు కొంచెం అవతల, మనుషులు వదిలేసి వెళ్ళిన పాత జాలర్ల పల్లె ఉంది. మొండిగోడల వెనక సముద్రం బాగా లోపలికి తగ్గి ఉంది. నేను జడ ముడి విప్పేశాను. గాలికి జుట్టు నాలుగు వైపులా లేచింది. చిన్నప్పుడు స్కూల్లో నూనె పెట్టి అణచమన్న జుట్టు ఇదే.

రెడ్డెప్ప నా ఫోన్ పట్టుకుని, "నీడలోకి రా అక్కా, ఎండలో నల్లగా పడతావు" అన్నాడు.

"ఎండలోనే తీయండి."

ఫోన్ దానంతటదే మొహాన్ని నునుపు చేసి చూపిస్తోంది. అది ఆపేసి మళ్ళీ తీయించాను. పదకొండు ఫోటోలు తీశాడు. అన్నిట్లోనూ నేను ఒక్కదాన్నే, నిండుగా ఉన్నాను.

పదకొండింటికి ఓడరేవు పక్కన చిన్న హోటల్లో చేపల కూర, అన్నం తిన్నాం. ఇద్దరికీ ముప్పై రియాళ్ళయింది. అక్కడి వంటమనిషి నన్ను చూసి సంతోషంగా స్వాహిలీలో పలకరించాడు. నాకు అర్థం కాలేదు. నాన్న భాష నేర్చుకోలేదని ఇంగ్లీషులో చెబుతుంటే సిగ్గేసింది. అతను మాత్రం, "అయితే ఏం, నాన్న నాన్నే కదా" అంటూ ఇంకో చేపముక్క వేసి వెళ్ళాడు.

తింటూ తింటూ రెడ్డెప్ప ఫోన్‌లో తెల్లబడే క్రీము బొమ్మ ఒకటి చూపించాడు. "ల్యాబ్‌లో చేస్తాండావు గదక్కా, ఇది మంచిదేనా? మా పాప అడుగుతాంది. బడిలో పిల్లోళ్ళు కర్రిది అంటాండారని మూడు దినాలాయ, బడికే పోలేదు."

ఇలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుందని, కొనవద్దని చెప్పాను. అతను "నువ్వే చెప్పక్కా" అంటూ పాపకు వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతికిచ్చాడు. పాప పేరు లావణ్య. పన్నెండేళ్ళు.

"అక్కా, నువ్వు నిజంగా తెలుగేనా? నిన్ను బడిలో ఏమనేవోళ్ళు?"

"బొగ్గు అనేవాళ్ళు. ఒకమ్మాయైతే నా పక్కన కూర్చుంటే నలుపు అంటుకుంటుందనేది."

"ఏడ్చినావా?"

"బాగా. మీగడ, నిమ్మకాయ అన్నీ రుద్దుకున్నాను. చర్మం మండింది తప్ప ఏమీ కాలేదు. తర్వాత ఎవరికీ కనబడకుండా దాక్కోవడం నేర్చుకున్నాను."

"అది ఎప్పుడు మానేసినావు?"

ఆ పిల్లకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఈ పొద్దున్నే" అన్నాను.

లావణ్య కళ్ళు పెద్దవి చేసింది. "ఇంతకాలమా?"

"నాకు పట్టింది. నీకు అంత పట్టనక్కర్లేదు."

లావణ్య ఫోన్ నాన్నకివ్వమంది. తర్వాత, "రేపు బడికి పోతాలే నాయినా. క్రీము మాత్రం తే" అంది.

"క్రీము మాఫీ! లేదమ్మా, లేదు" అన్నాడు రెడ్డెప్ప, ఇక్కడి అరబ్బీ కలిపి. పాప మూతి ముడుచుకుని, చివరికి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో నా ఫోటో సుధక్కకు పంపాను. ఇది వేయండి, లేదా నన్ను తీసేయండి అని రాశాను. "ఇంత పంతమేంటమ్మా?" అందావిడ. "పంతమే అక్కా" అన్నాను. క్యాలెండర్ వచ్చింది. అందులో మనుషులెవరూ లేరు, లిల్లీ పూలు వేశారు.

నేను గెలిచానని చెప్పను. కాకినాడలో ఆఫ్రికా పిల్లని, రువైస్ వంటమనిషికి స్వాహిలీ రాని పిల్లని, సహవాసంలో సరిచేయాల్సిన పిల్లని. ఇన్నాళ్ళూ ఇలా అందరికీ సంజాయిషీ చెప్పుకుంటూ బతికాను. ఇక చెప్పను. చూసేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటే ఆ ఇబ్బంది వాళ్ళది, నాది కాదు. ఇప్పుడు ఆరాధనలో ముందు వరుసలో కూర్చుంటున్నాను. వెనకవాళ్ళకు నా జుట్టు అడ్డమొస్తోందని ఒకరిద్దరు అన్నారు. పక్కకు జరిగి కూర్చోమన్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట: ఆ పాత పల్లె దగ్గర తిరుగు టాక్సీలు దొరకవు. వెళ్ళిన కారునే ఉండమని ముందే మాట్లాడుకోండి.