నీళ్ళ కింద ఊరు లేదన్నాను

డైరీలో కూడా రాసుకోని సంగతి ఇది. రెండేళ్ళ కిందట ఒమాన్‌లో సూర్ నుంచి మస్కట్ వచ్చే బస్సులో నా పక్క వరుసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. బిల్డింగ్ సైట్‌లో పనిచేసే బట్టల్లోనే ఉన్నాడు. నా ఒడిలోని పుస్తకంలో బ్రిటన్‌లోని వేల్స్ కొండప్రాంతం ఫొటో ఉంది. చెట్టు లేని పచ్చటి గుట్ట, దాని కింద నల్లటి రిజర్వాయర్. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"మేడమ్, ఈ నీళ్ళ కింద ఊరేమైనా ఉందా?" అని హిందీలో అడిగాడు.

ఆ యాసలోనే మా కరీంనగర్ వైపు మనిషని తెలిసిపోయింది. తెలుగులో పలికితే ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని మస్కట్ దాకా మాటలు సాగుతాయని బెదిరాను. ఊరు ఉండేదనీ, ఇళ్ళనూ బడినీ ముంచేశారనీ ముందు పేజీలోనే చదివాను. అయినా "నహీ" అని పేజీ తిప్పేశాను.

ఆయన ఇంటికి ఫోన్ చేశాడు.

"ఒక పుస్తకంల గుట్ట చూసిన. అచ్చం మన గుట్ట లెక్కనే ఉన్నది, కింద డ్యాం నీళ్ళు. ఏ, నాకెందుకే పుస్తకం, పక్కసీటు మేడమ్‌ది. మనూరు లెక్క మునిగిందా అని అడిగిన. లేదంట." కాసేపు విని నవ్వాడు. "అవ్, వాళ్ళు నసీబున్నోళ్ళు. మనకే గిట్లయింది."

మీకొక్కరికే కాదని చెప్పడానికి ఇంకా గంట ప్రయాణం ఉంది. నేను తలెత్తలేదు. ఖురియాత్‌లో దిగుతూ ఆయన "శుక్రియా మేడమ్" అన్నాడు. దానికి కూడా నేను హిందీలోనే జవాబిచ్చాను.