మా ఆయన తల మీద నాట్లు

మా పెళ్లినాటికే మా ఆయన నుదురు నడినెత్తి దాకా పాకింది. నాకది పెద్దగా పట్టలేదు. మేడ్చల్‌లో మా నాయినదీ బట్టతలే, లాల్‌గడి మలక్‌పేట్‌లో మా మామదీ బట్టతలే. మామ ఆ తలకు ఇంత కొబ్బరినూనె రాసి, మీసం దువ్వి, తెల్ల ధోవతి కట్టి పంచాయతీకి పోతే కూర్చున్నవాళ్లు లేచేవారు.

రెండువేల సంవత్సరం దాటాక మా చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. మా ఆయన గుండ్లపోచంపల్లిలో ప్లాట్లమ్మే ఆఫీసు తెరిచాడు. ఒకరోజు, తనకంటే రెండేళ్లు పెద్దవాడైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన "అంకుల్" అని పిలిచాడట. ఇంటికొచ్చి అద్దం ముందు నుంచి కదల్లేదు. వారం తిరక్కుండా సికింద్రాబాద్‌లో వెంట్రుకలు నాటే డాక్టరును చూసి వచ్చాడు. తల వెనక నుంచి వెంట్రుకలున్న తోలు పట్టీలా కోసి, ఒక్కో కుదురూ విడదీసి ముందు నాటుతారని చెప్పాడు.

"వరి నాట్లు ఎరుక గని, నెత్తి మీద నాట్లేందిరా?" అని మామ నవ్వాడు. "మా కాలంల మొగోనికి మీసం సూసిండ్రు. గిప్పుడు నెత్తి సూస్తుండ్రా?"

"గిప్పుడు అన్నీ సూస్తుండ్రు బాపు" అన్నాడు మా ఆయన. ఆయన నవ్వలేదు.

ఆపరేషన్ అయిన మూడో పొద్దున నేను టీ తీసుకుని గదిలోకి వెళ్తే మంచం మీద ఎవరో కూర్చుని ఉన్నారు. నుదుటి వాపు కళ్ల మీదికి జారింది. కళ్లు రెండూ మూసుకుపోయాయి. ముక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. వాపు వస్తుంది, భయపడొద్దు అని డాక్టరు ముందే చెప్పినా గ్లాసు నా చేతిలోంచి జారింది. మూడేళ్ల మా పాప గుమ్మంలోనే ఆగి, "నాయిన ఏడి?" అంది. "నేనే బిడ్డా" అని ఆ మొహం లోంచి మా ఆయన గొంతు వచ్చింది. పాప కెవ్వున అరిచింది.

ఆ అరుపుకు మామ వచ్చాడు. కొడుకును చాలాసేపు చూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"మా బాపును శామీర్‌పేట చెరువులకెళ్లి తీసిన నాడు మొకం గిట్లనే ఉండె" అన్నాడు.

మా ఆయన తాత చెరువులో మునిగి పోయాడని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

వారానికి వాపు తగ్గింది. మామకు పట్టుకున్న భయం మాత్రం తగ్గలేదు. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, ఆయన మంచం పక్కన వంగి, నిద్రపోతున్న కొడుకు ముక్కు కింద అరచెయ్యి పెట్టి ఉన్నాడు.

"ఏంది మామా?"

"ఊపిరి ఆడుతుందా లేదా అని సూస్తున్న. నువ్వు పండుకో."

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు. నేను కళ్లు మూసుకునే పడుకునేదాన్ని. మా ఆయనా మూసుకునే ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది.

నెల తిరిగేలోగా నాటిన వెంట్రుకలన్నీ దిండు మీద రాలిపోయాయి. కుదుళ్లు లోపలే ఉంటాయి, నాలుగైదు నెలలకు మళ్లీ మొలుస్తాయి అన్నాడు డాక్టరు. ఆ తర్వాత రెండు వారాలకు, పొలంలో మోటరు గది గోడకు ఆనుకుని కూర్చున్న మామ కూర్చున్నట్టే పోయాడు.

పదో రోజు ఒక్కగానొక్క కొడుకు గుండు చేయించుకోవాలి. నేను డాక్టరుకు ఫోన్ చేస్తే కత్తి తగలనివ్వొద్దన్నాడు. "కత్తెరతోని ఇంత కత్తిరిస్తే సాలు, ఎవరేమంటరు?" అన్నారు కులపెద్దలు కూడా, జాలిపడి.

"నా ఊపిరి సూసిపోయెటోడు రోజూ" అన్నాడు మా ఆయన. "గాయన కోసం నెత్తి ఇయ్యలేనా? పెట్టు కత్తి."

మంగలాయన ముసలివాడు. మామ గడ్డం గీసిన చెయ్యి అది. తల వెనక చెవి నుంచి చెవి దాకా ఉన్న కుట్టు గీత మీద ఆ చెయ్యి ఆగింది. ముందువైపు నాటిన చోట చిన్న చిన్న పొక్కులు తెగి, నాగటి సాలు పట్టినట్టు వరసగా రక్తం చుక్కలు లేచాయి. మా ఆయన మూలగలేదు.

బోరు కింద స్నానం చేసి, మామ తువ్వాలే భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాడు. అదే తల, అదే నడక. ఈ పదిరోజులూ ఒక్క కన్నీటి బొట్టు రాల్చని మా అత్త పొయ్యి ముందు నుంచి తలెత్తి, మామతో అన్నట్టే మామూలుగా అంది:

"ఏమయ్యా, గింత జల్దీ వచ్చినవ్? బువ్వ ఇంకా కాలే."

మా ఆయన నా వైపు చూసి, వెళ్లి మామ కూర్చునే చోట కూర్చున్నాడు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. అత్త మొదటి ముద్ద ఆయనకే పెట్టేది, ఎడ్లకు గడ్డి వేశావా అని అడిగేది. ఎడ్లను అమ్మి ఏళ్లయింది. "ఏసిన" అనేవాడు మా ఆయన. ఆఫీసుకు పోయేటప్పుడు మాత్రం టోపీ పెట్టుకునేవాడు.

ఐదో నెలలో మొలకలు వచ్చాయి. తొమ్మిదో నెలకు నల్లగా, ఒత్తుగా ఎదిగి నుదుటి మీద పడ్డాయి. కత్తి తగిలిన రెండు చోట్ల తప్ప తల నిండింది. పెళ్లిలో నేను చూసిన మనిషి కంటే చిన్నవాడయ్యాడు. ఒక పొద్దున టోపీ లేకుండా, తల దువ్వుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

అత్త పళ్లెం పట్టుకుని నిలబడి చూసింది.

"పోయిండా?" అని అడిగింది నన్ను. "ఇగ రాడా?"

పళ్లెం కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా ఆయన లేచి ఆమె పక్కన కూర్చుని, ఆమె తలను భుజానికి ఆనించుకున్నాడు. ఆ రోజు ఆఫీసుకు పోలేదు.