అమ్మవారు నవ్వితే

మా చైనా ఓనర్ ఆంటీ పోయిన మంగళవారం నిద్రలోనే వెళ్లిపోయారు. వాళ్లబ్బాయి మెసేజ్ వచ్చేసరికి సర్రీలో స్కైట్రైన్ దిగుతున్నాను. ఆరేళ్లు ఆవిడ బేస్‌మెంట్‌లో అద్దెకున్నదాన్ని. ఇంటికి పోబుద్ధి కాక గుడికి వెళ్లాను.

గుడంటే గోపురం ఊహించుకోకండి. టైర్ల షాపుకీ స్వీట్ల కొట్టుకీ మధ్య ఒక గది, ఎర్ర దీపాలు, చైనా జాలర్లు కొలిచే సముద్రపు అమ్మవారు. ఆదివారం కాలు పెట్టే చోటుండదు. ఆంటీ రోజూ ఆ గది ఊడ్చి, అగరొత్తుల బూడిద జల్లెడ పట్టేవారు.

అక్కడెవరూ చెప్పులు విడవరు. నాకేం తెలుసు? కాకినాడ అలవాటు కొద్దీ మొదటిరోజే బూట్లు బయట వానలో వదిలేశాను. ఆవిడ వాటిని లోపలికి తెచ్చి, తలుపు పక్కన న్యూస్‌పేపర్ పరిచి పెట్టారు. తర్వాత నేనెప్పుడు వెళ్లినా అక్కడ పేపర్ ఉండేది.

నా వర్క్ పర్మిట్ అయిపోవస్తున్నా, ఇక్కడే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్‌కి స్కోరు చాలలేదు. అమ్మవారినే అడుగుదామనుకున్నాను. అడగడానికి జీడిపప్పు బద్దల్లాంటి రెండు చెక్కలుంటాయి. నేలమీద వేస్తే ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే ఔను. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడి ఊగాయంటే అమ్మవారు జవాబివ్వకుండా నవ్వినట్టు. పీఆర్ వస్తుందా అని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"నీకేం వస్తుందని అడిగితే ఆవిడ నవ్వుతుంది," అన్నారు ఆంటీ. "నువ్వేం చేస్తావో చెప్పి, చెయ్యనా అని అడుగు."

ఫ్రెంచ్ వస్తే పీఆర్ స్కోరు పెరుగుతుంది కాబట్టి, ఫ్రెంచ్ పరీక్ష రాయనా అని అడిగాను. వరుసగా మూడుసార్లు ఔనంది. అప్పటికి నాకు బోంజూర్ తప్ప రాదు, ఆంటీకి అదీ రాదు. అయినా రోజూ సాయంత్రం వంటగదిలో కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకునేవారు. అర్థం తెలియకపోయినా నా తడబాటు మాత్రం ఇట్టే పట్టేసేవారు. మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సిందే. పీఆర్ వచ్చిన రోజు అమ్మవారి దయ అన్నాను. అమ్మవారికి ఫ్రెంచ్ రాదు, చదివింది నువ్వే అన్నారు. ఈ దేశంలో నేను నిలబడ్డానంటే ఆ వంటగది చలవే.

ఆ మంగళవారం గుడిలో ఒక్కదాన్నే చెక్కలు చేతిలోకి తీసుకుని, అక్కడ ఆంటీ బాగున్నారా అని అడిగాను. రెండూ వెల్లకిలా పడి ఊగాయి.

కళ్లు తుడుచుకుని ప్రశ్న మార్చాను. "రేపట్నుంచి నేను ఊడవనా?"

మూడుసార్లూ ఔనంది. రేపటిదాకా ఆగబుద్ధి కాక మూలనున్న చీపురు అందుకున్నాను. తలుపు దాకా ఊడ్చుకుంటూ వచ్చాను. అక్కడ, ఆవిడ పరిచి వెళ్లిన పేపర్ మీద, నా బూట్లు ఆరుతున్నాయి.