పెన్న గట్టు మీద రషీదా

పులివెందులలో పరుపులు కుట్టే దావూద్ భార్య రషీదా పొట్టిగా, పీలగా ఉండేది. ఇరుగుపొరుగు ఇళ్లకు జొన్నలు, కొర్రలు విసిరిపెట్టేది. తిరగలి ముందు కూర్చుంటే పొద్దెక్కేదాకా లేచేది కాదు. ఆమె గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. కాపురం చేసిన దావూద్‌కు కూడా ఆమె ఎట్లాంటి మనిషో తెలిసింది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, పెన్న గట్టు మీదనే.

అది రెండో కాన్పు. మొదటిసారి నొప్పి వచ్చినప్పుడల్లా పళ్లు కరిచి, ఊపిరి బిగబట్టి, మంచం కోడు పట్టుకొని పెనుగులాడింది. బిడ్డ దక్కాడు గానీ తాను చాలా రోజులు లేవలేకపోయింది. అందుకే ఈసారి జమ్మలమడుగులో పుట్టింటికి పోతానంది. అక్కడైతే ఆస్పత్రి ఉంది. దావూద్ పెద్దోణ్ణి తన తల్లి దగ్గర వదిలి, ఎద్దులబండి బాడుగకు తీసుకొని, పరుపు పరిచి తానే తోలాడు. ముద్దనూరులో చుట్టాలింట పడుకొని పొద్దున పెన్న చేరేసరికి, ఏరు గట్లు ఒరుసుకొని పారుతోంది. ఎగువన పెద్ద వాన పడిందట. అవతల ఊరు కనిపిస్తూనే ఉంది. దాటే దారి లేదు.

బండి ఆగిన కాసేపటికే రషీదా నడుం పట్టుకొని దిగింది.

“మామా, మొదలైనాయి.”

దావూద్ నీళ్ల అంచు దాకా పరుగెత్తి, తెప్ప ఎవరైనా వేస్తారేమోనని అరిచాడు. ఎవరూ పలకలేదు. ఏటి వరద తీస్తుందేమోనని కాచుకున్న బండ్లలో ఒకదాని నుంచి పద్మావతమ్మ దిగివచ్చింది. ఆమె మైలవరం దగ్గరి రైతుల ఇంటామె, ఆరుగురు బిడ్డల తల్లి.

“యాడికి పరుగెత్తుతాండావప్పా? ఏరు నీ మాట వింటుందా? ఆ గుడిసెలోకి తీసుకురా,” అంది.

ఎండాకాలం కర్బూజ తోట కాపలాకు వేసిన గుడిసె అది. పద్మావతమ్మ పరుపు వేయించి, వాసానికి బండితాడు కట్టి, “ఇంక నువ్వు బయటికి నడువు,” అంది దావూద్‌తో.

“మామను ఉండనీక్కా,” అంది రషీదా.

మొగోడు పురిటి దగ్గర ఉండడమా! పద్మావతమ్మ ఆమె ముఖం చూసి, “ఉండనీలే. నడుం నొక్కడానికైనా పనికొస్తాడు,” అంది.

రషీదా పడుకోలేదు. గుడిసెలో అటూ ఇటూ నడిచింది. నొప్పి వచ్చినప్పుడు తాడు పట్టుకొని, మోకాళ్లు వదులు చేసి, తిరగలి తిప్పినట్టే నడుం గుండ్రంగా తిప్పింది. నోరు తెరిచి, కడుపులోంచి “ఊఁ” అని సన్నని రాగం తీసింది. పద్మావతమ్మ చూపించినచోట దావూద్ అరచేతులు ఆనించి నొక్కాడు. దూది పొరల్ని అణిచే చేతులే అవి. వాటికింద ఆమె ఒళ్లు రాయిలా గట్టిపడి, మళ్లీ మెల్లగా మెత్తబడింది.

“పోయినసారి దీంతో కొట్లాడినా మామా,” అంది, చెమట తుడుచుకుంటూ. “బిగబడితే తిరగలి కూడా తిరగదు. ఊపిరి వదిలితేనే తిరుగుతుంది.”

నొప్పికీ నొప్పికీ నడుమ అతని భుజం మీద తల వాల్చి రెండు రెప్పపాట్లు నిద్రపోయేది. ఒకసారి కళ్లు తెరిచి, “ఎద్దులకు నీళ్లు పెట్టినావా?” అని అడిగింది. దావూద్‌కు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

మధ్యాహ్నం దాటాక నొప్పులకు సందు లేకుండా పోయింది. రషీదా వణికింది, వాంతి చేసుకుంది. రాగం తెగి కేక అయింది.

“నాచేత కాదు మామా. నన్ను ఇంటికి తీసుకుపో.”

దావూద్ లేచి నిలబడ్డాడు, నిజంగానే తీసుకుపోయేవాడిలా.

“కూచో అప్పా,” అంది పద్మావతమ్మ. “ఆ మాట వచ్చిందంటే బిడ్డ దగ్గరికొచ్చిందని. నా ఆరు కాన్పుల్లోనూ అదే మాటన్నా. పాపా, కేక లోతుకు దించు. కిందికి, కిందికి.”

రషీదా తాడు పట్టుకొని గొంతుక్కూర్చుంది. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం దావూద్ ఎన్నడూ విననిది. అది ఏడుపు కాదు, మొర కాదు. బయటి ఏటి హోరు అతనికి వినపడకుండా పోయింది. ఆ పిడికెడు మనిషిలో ఇంత బలం ఇన్నాళ్లూ ఎక్కడ దాగిందో అర్థం కాలేదు. భయం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. మసీదులో నిలబడ్డప్పుడు కలిగే నిశ్శబ్దం లాంటిదేదో అతణ్ణి కమ్ముకుంది.

ఆడబిడ్డ పుట్టింది. పద్మావతమ్మ కొడవలి మంటలో కాల్చి బొడ్డు కోసింది. రషీదా బిడ్డను రొమ్ముకు హత్తుకొని, ఒళ్లంతా వణుకుతూనే నవ్వింది. దావూద్ ఆమె పాదాల దగ్గర కూలబడి, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

“ఏంది మామా అట్లా చూస్తావు? ఆకలైతాంది,” అంది.

మరునాడు ఏరు తీసింది. పద్మావతమ్మ బండి ముందు నడవగా, దావూద్ ఎద్దుల ముకుతాళ్లు పట్టుకొని మోకాటిలోతు నీళ్లలో మెల్లగా బండి దాటించాడు.

ఆ తర్వాత రషీదాకు ఇంకో ఇద్దరు పుట్టారు. ప్రతి కాన్పుకూ ఆమె నడుం నొక్కింది దావూదే. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు, అతను పట్టించుకోలేదు. నెలలు నిండిన ఆడపిల్లలు రషీదా దగ్గరికొచ్చి, నొప్పి తగ్గే మందేమైనా తెలుసా అని అడిగేవాళ్లు.

“తగ్గదమ్మా. శానా నొప్పి,” అనేది ఆమె, తిరగలి ఆపకుండానే. “కానీ అది వస్తాది, పోతాది. నువ్వు మాత్రం ఉంటావు.”