మా గల్లీ బోరు

తాండూరులో మా గల్లీకి బోరు వేయించమని ఎండాకాలంలో మా వార్డు లీడర్‌ని అడిగాను.

"కింద అంత బండనే అక్క, నీళ్లు పడయి. నీకేం తెలుస్తది" అని పదిమందిలో నవ్వాడు.

ఒళ్లు మండింది. సమాచార హక్కు కింద వికారాబాద్ కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. మా గల్లీ పేరిట బోరు ఎప్పుడో వేశారని జవాబొచ్చింది. జతచేసిన ఫొటోలో బోరు ఆ లీడర్ ఇంటి నీలం గేటు లోపల కనిపిస్తోంది.

మరునాడు పొద్దున్నే గల్లీ ఆడవాళ్లందరం బిందెలతో వెళ్లి ఆ గేటు కొట్టాం. బనియన్ మీదే బయటికొచ్చి "ఏంది గిది" అన్నాడు.

ఫొటో చూపించాను. "మా బోరే అన్నా. నీళ్లు పట్టుకపోతం, జర పక్కకు జరుగు."

నెల తిరక్కుండా మా గల్లీలో బోరు వేయించాడు. ఆ బండలోనే నీళ్లు బాగా పడ్డాయి. అందరూ అక్కడే పట్టుకుంటున్నారు. నేను మాత్రం ఇప్పటికీ రోజూ బిందెతో వెళ్లి ఆయన చేతనే గేటు తీయిస్తున్నాను.