రెండున్నర జానలు

కింది ఇంటి తాత పోయారు. మంగళవారం పొద్దున పంపు కింద బకెట్ పొర్లుతున్న చప్పుడు ఎంతకీ ఆగకపోతే అమ్మ దిగి చూసింది. ఆయన వంగ మడి పక్కన గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నారు. డాక్టరు గుండె అన్నాడు. నేను పై మెట్టు మీదే నిలబడిపోయాను.

నాచారంలో ఆయన ఇంటి పై వాటాలో మేము పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాం. చెంగిచెర్లలో ఆయనకు పొలం ఉండేది. అది ప్లాట్లయ్యాక ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యారు. పొలం నుంచి ఆయన వెంట వచ్చింది ఒక్క వంగ విత్తనమే. తెల్ల చారల గుండ్రటి కాయ. ఉప్పల్ మార్కెట్లో నాకెక్కడా కనబడలేదు. ఏటా ఒకట్రెండు కాయలు చెట్టు మీదే పండనిచ్చి, గింజలు ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో దాచేవారు. గేటుకూ నీళ్ళ సంపుకూ మధ్య పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మడిలో మళ్ళీ వేసేవారు.

మావాళ్ళది తెనాలి వైపు. మొదట్లో ఆయన్ని తాతగారూ అని పిలిచేదాన్ని. "గారు అంటే ఎవరో ఆఫీసరు వచ్చిండని ఎనకకు సూస్తున్న బిడ్డా. తాత అంటే సాలదా?" అన్నారు. నేను ఎప్పుడూ మెట్ల కింద మూలలో పుస్తకంతో ఉండేదాన్ని. ఒకరోజు నన్ను చూసి, "నిన్ను గోడకు మరీ దగ్గర నాటిన్రు. జర ఇవతలికి రా, ఎండ తగలనీ" అన్నారు. అలా మడి దగ్గరికి వెళ్ళాను.

కాన్వెంటులో కుట్టు నేర్పిన సిస్టర్ కుట్టుకీ కుట్టుకీ దూరం స్కేలుతో చూసి మార్కులు వేసేది. నేను ఆ అలవాటుతోనే స్కేలు పట్టుకెళ్ళి, మొక్కకీ మొక్కకీ ఎన్ని సెంటీమీటర్లని అడిగాను. తాత చాలాసేపు నవ్వారు. బొటనవేలూ చిటికెనవేలూ చాపి నేల మీద జాన పెట్టారు. ఒకటి, రెండు, ఆపైన సగం. "రెండున్నర జానలు. మొక్క ఇయ్యాల ఎంతుందో సూసి నాటొద్దు. రేపు ఎంతైతదో సూసి నాటాలె." మధ్యలో నేల బోసిగా ఉందని నాకు అనిపించేది. రెండు నెలలకు ఆ ఖాళీ అంతా ఆకులే.

పోయినేడు నాట్ల సమయానికి ఆయన కాలి పుండుతో దవాఖానాలో ఉన్నారు. నారు ముదిరిపోతోందని నేనే నాటాను. రెండున్నర జానలే, జాగ్రత్తగా. కానీ నా జానతో. నా చెయ్యి చిన్నది. పది చెట్లు పట్టే మడిలో పద్దెనిమిది పెట్టాను. ఆయన వచ్చేసరికి కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గాలి ఆడక ఆకులకు తెల్లదోమ పట్టింది. తాత పీట మీద కూర్చుని, చెట్టు విడిచి చెట్టు పీకుతూ, "తప్పు నీది గాదు, నీ జానది" అన్నారు. ఆ ఏడు విత్తనానికి ఒక్క కాయ నిలిచింది. అదీ గిడసబారింది.

ఆ కాయ గింజల్లో ఈ ఏడు మొలిచినవి పదే. సీసాలో ఇంక బూడిద తప్ప ఏమీ లేదు. తాత క్యాలెండర్ కాగితం వెనక రెండు వరుసల్లో పది సున్నాలు గీసి నాకిచ్చారు. ఈ వారం నాటాలనుకున్నాం.

మంగళవారం నుంచి ఇల్లంతా చుట్టాలు. టెంటువాళ్ళు మడి పక్కన కుర్చీలు దింపారు. మూడో రోజు పొద్దున ఆ కుర్చీల వెనక నారు డబ్బా కనబడింది. మట్టి నెర్రెలిచ్చింది. మూడు మొక్కలు ఎండిపోయాయి. ఏడు తలలు వాల్చేశాయి. నీళ్ళు పోశాను. ఈ పూట నేలలో పడకపోతే అవీ ఉండవు.

కాగితం తీసి చూశాను. సున్నాలున్నాయి, దూరం లేదు. జాన పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్ళు స్కేలు పట్టుకుని ఆ చేతి పక్కనే కూర్చున్నాను. ఒక్కసారైనా ఆ చెయ్యి కొలవలేదు. నా వల్లే విత్తనం ఇంతకొచ్చింది. మిగిలింది కూడా నా చేతిలోనే పోబోతోంది. చావు ఇంట్లో వంగనారు గురించి ఎవరిని అడగను?

అందరూ పైన దాబా మీద ఉన్నారు. నేనూ ఎక్కాను. పిట్టకు అన్నం పెట్టి, కాకి కోసం చూస్తున్నారు. గంట దాటినా ఒక్క కాకీ వాలలేదు. తాత చెల్లెలు కళ్ళొత్తుకుంటూ, "మా అన్నకు ఏం మిగిలిపోయిందో ఏమో" అంది. అంతమందిలో నేను ఎన్నడూ నోరు విప్పలేదు. తాత భార్య ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అవ్వా, నారు చచ్చిపోతోంది. తాత జాన ఎంతో నాకు తెలీదు."

అవ్వ మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. నావైపు చూసి లేచింది. ఇయ్యాల మట్టి ముట్టొద్దని ఎవరో అన్నారు. అవ్వ వినిపించుకోకుండా గోడ పట్టుకుని మెట్లు దిగింది. మడిలో కూర్చుని తడి మట్టి మీద తన జాన పెట్టింది. దాని కొసన రెండో చేతి వేళ్ళు రెండు ఆనించింది.

"నా జాన, గీ రెండు వేళ్ళు. గంతే ఆయనది. చెంగిచెర్లల ఆయన జాన పెట్టుకుంట ముందట పోతుండె. నేను ఎనక నారు పెట్టుకుంట పోతుంటి."

అవ్వ కొలిచింది. నేను నాటాను. మూడు చోట్ల నాటడానికేమీ లేకపోయినా కొలవడం ఆపలేదు. పైన కాకి వచ్చిందో లేదో మేము చూడలేదు.

ఇవాళ్టికి ఐదు తల ఎత్తాయి. రెండు ఇంకా వాలే ఉన్నాయి; బతుకుతాయో లేదో తెలీదు. మొక్కకీ మొక్కకీ మధ్య మట్టిలో అవ్వ వేళ్ళ గుంటలు అలాగే ఉన్నాయి. నీళ్ళు పోసేటప్పుడు వాటి మీద పడకుండా చెంబు పక్కకు వంచుతున్నాను.